మాటల వైద్యానికి గీత గీసేదెవరు?

2013 ఫిబ్రవరిలో అమెరికాలోని కెంటకీ రాష్ట్రంలో ‘లెక్సింగ్టన్ హెరాల్డ్-లీడర్’ పత్రిక పాఠకులు ఎప్పటిలాగే జాన్ రోజ్‌మండ్ శీర్షిక చదివారు. పిల్లల పెంపకంపై ఆయన 1970ల నుంచి రాస్తున్న శీర్షిక అది. ఆ దేశంలో చాలా పత్రికల్లో వచ్చేది. ఆ వారం ఒక జంట తమ గోడు వెళ్లబోసుకుంది. పదిహేడేళ్ల కొడుకు చదువు పక్కన పెట్టేశాడు, ఏం చెయ్యాలి? రోజ్‌మండ్ మొహమాటపడలేదు. గారాబం చేసి పిల్లవాణ్ని చెడగొట్టారు, ఎలక్ట్రానిక్ వస్తువులన్నీ తీసేసుకోండి, దారికొచ్చేదాకా సౌకర్యాలు ఆపేయండి అని జవాబిచ్చాడు.

మే నెలలో ఆయనకు నోటీసు వచ్చింది. పంపింది రాష్ట్ర అటార్నీ జనరల్ కార్యాలయం, కెంటకీ సైకాలజీ బోర్డు తరఫున. రిటైరైన సైకాలజిస్టు ఒకరు బోర్డుకు ఫిర్యాదు చేయడంతో కదిలిన వ్యవహారం ఇది. బోర్డు అభ్యంతరాలు రెండు. శీర్షిక చివర ఆయన్ని ‘ఫ్యామిలీ సైకాలజిస్టు’ అని పరిచయం చేశారు, కానీ ఆయన లైసెన్సు నార్త్ కరోలినాది, కెంటకీది కాదు. రెండోది ఇంకా పెద్దది. ఒక కుటుంబం అడిగిన ప్రశ్నకు ఆ కుటుంబాన్ని ఉద్దేశించి సలహా చెప్పడం రాష్ట్ర చట్టం ప్రకారం సైకాలజీ ప్రాక్టీసు కిందికే వస్తుంది, లైసెన్సు లేకుండా చెయ్యకూడదు. ఇకపై అలా రాయనని సంతకం పెట్టమన్నారు. రోజ్‌మండ్ పెట్టలేదు, ఫెడరల్ కోర్టుకెక్కాడు.

తెలుగు పాఠకులకు ఈ గొడవ వింతగా అనిపించవచ్చు. ఆంధ్రప్రభ వారపత్రికలో మాలతీ చందూర్ ‘ప్రమదావనం’ దశాబ్దాల పాటు నడిచింది. అత్తాకోడళ్ల తగవుల నుంచి ప్రేమ వైఫల్యాల దాకా ఎంతోమంది ఆమెకు ఉత్తరాలు రాశారు, జవాబులు అందుకున్నారు. ఆమె నవలాకారిణి. సైకాలజిస్టునని ఎన్నడూ చెప్పుకోలేదు. కెంటకీ బోర్డు వాదన ప్రకారం చూస్తే, ఆ ఉత్తరాలకు జవాబు రాయడమే లైసెన్సు లేని ప్రాక్టీసు అవుతుంది.

2015 సెప్టెంబరులో న్యాయమూర్తి గ్రెగరీ వాన్ టాటెన్‌హోవ్ బోర్డుకు వ్యతిరేకంగా తీర్పిచ్చాడు. పత్రికలో సలహా రాయడం వాక్ స్వాతంత్ర్యం కిందికి వస్తుందనీ, లైసెన్సు పేరుతో ప్రభుత్వం దాన్ని ఆపజాలదనీ అన్నాడు. అయితే ఒక మెలిక పెట్టాడు. రోజ్‌మండ్ తనను కెంటకీ లైసెన్సున్న సైకాలజిస్టుగా చెప్పుకొన్నా, అక్కడివారితో వైద్యుడికీ రోగికీ ఉండే సంబంధం పెట్టుకున్నా తీర్పు వేరుగా ఉండేదేమో అన్నాడు. సైకాలజీ వృత్తిని చట్టంలో నిర్వచించడానికి ప్రపంచంలో సాగిన ప్రయత్నాలన్నీ ఈ రెండు అంశాల చుట్టూనే తిరుగుతాయి: పేరు ఎవరిది, పని ఏది.

సర్జను పనిని నిర్వచించడం తేలిక. ఒంటి మీద కత్తి పెట్టేవాడికి అర్హత ఉండాలంటే ఎవరూ కాదనరు. దంతవైద్యుడికి పరికరాలున్నాయి, ఫార్మసిస్టుకు మందులున్నాయి. సైకాలజిస్టు చేతిలో ఉన్నది చాలావరకు మాట. మాట అందరి సొత్తు. అమెరికా, కెనడాల్లోని లైసెన్సింగ్ బోర్డుల సంఘం తయారుచేసిన నమూనా చట్టం, సైకాలజీ సూత్రాలనూ పద్ధతులనూ ప్రయోగించి మనుషుల ప్రవర్తనను గమనించడం, వర్ణించడం, అంచనా వెయ్యడం, వ్యాఖ్యానించడం, మార్చడం అంటూ ప్రాక్టీసును వివరిస్తుంది. ‘సైకాలజీ సూత్రాలు’ అన్న మాట తీసేస్తే ఇది బడిపంతులు పని, పూజారి పని, సేల్స్‌మన్ పని, ప్రతి తల్లీ రోజూ ఇంట్లో చేసే పని. అందుకే ఇలాంటి చట్టాల్లో నిర్వచనం వెనకే మినహాయింపుల జాబితా నడుస్తుంది. పాఠాలు చెప్పేవారు, పరిశోధకులు, మతపరమైన సలహాలిచ్చేవారు, తమ వృత్తి పరిధిలో పనిచేసే ఇతర నిపుణులు అంటూ అది సాగుతుంది.

నిర్వచనం వెడల్పైతే ఏమవుతుందో టెక్సస్ రాష్ట్రానికి అనుభవమైంది. 2010లో మేరీ లూయిస్ సెరాఫీన్ అక్కడి సెనేటుకు పోటీ చేస్తూ తన ప్రచార వెబ్‌సైట్లో ‘అటార్నీ, సైకాలజిస్టు’ అని రాసుకున్నారు. ఆమె విశ్వవిద్యాలయంలో సైకాలజీ బోధించారు, లైసెన్సు మాత్రం లేదు. ఆ మాట తీసెయ్యమంది బోర్డు. వ్యవహారం ఫిఫ్త్ సర్క్యూట్ అప్పీలు కోర్టు దాకా వెళ్లింది. 2016 జనవరిలో తీర్పు వచ్చింది. ఎన్నికల ప్రచారంలో తన గురించి చెప్పుకోవడాన్ని బోర్డు అడ్డుకోవడం రాజ్యాంగ విరుద్ధమని తేల్చడంతో కోర్టు ఆగలేదు. చట్టంలోని నిర్వచనంలో ఒక భాగాన్నే కొట్టేసింది. దాంపత్యం, పిల్లలు, తాగుడు, ఆరోగ్యం వంటి మామూలు కష్టాల్లో ఒకరికొకరు దారి చెప్పుకోవడం మానవ సమాజానికి పునాది అనీ, ఆ మాటలు తాతల దగ్గర విన్నవైనా స్నేహితుల మధ్య నడిచినవైనా వాటిని లైసెన్సు ఉచ్చులోకి లాగలేరనీ తీర్పు సారాంశం. ఆ తర్వాత టెక్సస్ శాసనసభ నిర్వచనాన్ని తిరగరాసుకోవాల్సి వచ్చింది.

ఈ తలనొప్పి కొత్తదేమీ కాదు. 1926లో వియన్నాలో థియొడోర్ రైక్ అనే సైకోఎనలిస్టు మీద నకిలీ వైద్యం కింద కేసు నడిచింది. ఆయన డాక్టరేటు సైకాలజీలో, వైద్య పట్టా లేదు. ఆ సందర్భంలోనే సిగ్మండ్ ఫ్రాయిడ్, డాక్టర్లు కానివారు మనోవిశ్లేషణ చెయ్యవచ్చా అన్న ప్రశ్న మీద చిన్న పుస్తకం రాశాడు. ఏ పక్షమూ కాని ఒక ఊహాజనిత శ్రోతతో సంభాషణలా సాగుతుంది అది. మనోవిశ్లేషణకు కావలసింది ఆ పనిలో ప్రత్యేక శిక్షణ, అది లేని డాక్టరే అసలు నకిలీ అన్నది ఫ్రాయిడ్ వాదన. రైక్ మీద కేసు నిలవలేదు. కానీ మనసుకు చికిత్స చేసే హక్కు వైద్య పట్టాతో వస్తుందా, వేరే చదువుతో వస్తుందా అన్న పేచీ మాత్రం నిలిచిపోయింది.

అమెరికాలో సైకాలజిస్టుల కోసం మొదటి చట్టం చేసిన రాష్ట్రం కనెక్టికట్, 1945లో. చిట్టచివర 1977లో మిస్సోరీ చేసింది. అన్ని రాష్ట్రాలూ ఆ దారికి రావడానికి మూడు దశాబ్దాలకు పైగా పట్టింది. ఆస్ట్రేలియాలో కథ మరో మలుపు తీసుకుంది. విక్టోరియా రాష్ట్రం 1965లో చేసిన సైకాలజికల్ ప్రాక్టీసెస్ చట్టం అక్కడ మొదటిది. దానికి ముందు సైంటాలజీ అనే మత సంస్థ మీద విచారణ జరిగి నివేదిక వచ్చింది. అందువల్ల ఆ చట్టంలో సైకాలజిస్టుల రిజిస్ట్రేషన్‌తో పాటు సైంటాలజీ బోధన మీద నిషేధం, సైంటాలజిస్టులు వాడే ‘ఈ-మీటర్’ లాంటి పరికరాల మీద ఆంక్షలు, హిప్నాటిజం మీద నియంత్రణ కూడా చేరాయి. వృత్తికి నిర్వచనం రాయడానికి కూర్చున్నవారు ఒక మత సంస్థను అణచడానికి ఆ చట్టాన్నే ఆయుధం చేసుకున్నారు. 1982లో ఆ నిషేధాన్ని ఎత్తేశారు.

ఇన్ని అనుభవాల తర్వాత దేశాలు మూడు దారులు పట్టాయి.

మొదటిది పేరుకు మాత్రమే రక్షణ. బ్రిటన్‌లో 2009 నుంచి హెల్త్ అండ్ కేర్ ప్రొఫెషన్స్ కౌన్సిల్ సైకాలజిస్టుల రిజిస్టరు నిర్వహిస్తోంది. ‘క్లినికల్ సైకాలజిస్టు’, ‘ఫోరెన్సిక్ సైకాలజిస్టు’, ‘ప్రాక్టీషనర్ సైకాలజిస్టు’ వంటి తొమ్మిది బిరుదులు రిజిస్టరులో ఉన్నవారివే. విచిత్రమేమిటంటే ముందు విశేషణమేదీ లేని ‘సైకాలజిస్టు’ అన్న మాటకు రక్షణ లేదు. ఎవరైనా పెట్టుకోవచ్చు. దీని పర్యవసానం 2023లో లండన్ ఫ్యామిలీ కోర్టుల్లో బయటపడింది. తల్లిదండ్రులు విడిపోయిన ఒక కేసులో పిల్లల గురించి కోర్టుకు నివేదిక ఇచ్చిన నిపుణురాలు రిజిస్టరులో లేరు. పిల్లలు ఎవరి దగ్గర ఉండాలన్నంత బరువైన ప్రశ్న అది. ఫ్యామిలీ డివిజన్ అధ్యక్షుడు సర్ ఆండ్రూ మెక్‌ఫార్లేన్, ఆ బిరుదును కట్టడి చెయ్యాలా వద్దా అన్నది చివరికి పార్లమెంటు తేల్చాల్సిన విషయమనీ, రిజిస్టరులో లేని నిపుణులను నియమించేటప్పుడు కోర్టులు జాగ్రత్తగా ఉండాలనీ అన్నారు.

రెండోది పేరుతో పాటు పనికీ కంచె వెయ్యడం. న్యూయార్క్ రాష్ట్రం చాలాకాలం పేరుతోనే సరిపెట్టుకుంది. సైకోథెరపిస్టు అని బోర్డు కట్టుకోవడానికి అక్కడ ఏ లైసెన్సూ అక్కర్లేకపోయింది. 2002లో చేసిన చట్టాలతో సైకాలజీ పని పరిధిని నిర్వచించి, మెంటల్ హెల్త్ కౌన్సెలర్లు, మ్యారేజ్ థెరపిస్టుల వంటి వారికి కొత్త లైసెన్సులు తెచ్చారు. పనికి కంచె వేసినప్పుడల్లా పక్కవారి హక్కులు చూడాలి. సోషల్ వర్కర్లు, నర్సులు, కౌన్సెలర్లు అందరూ అదే పనిలో కొంత చేస్తుంటారు. ఒక వృత్తి గీత పక్కకు జరిపితే ఇంకో వృత్తికి తిండి తగ్గుతుంది. ఈ చట్టాలు శాసనసభల్లో ఏళ్ల తరబడి నానడానికి కారణం ఇదే.

మూడో దారి కెనడాలోని ఒంటారియోది. అన్ని సలహాలనూ పట్టుకునే ప్రయత్నం మానేసి, ప్రమాదం ఉన్న పనిని మాత్రం వేరుచేశారు. ఆలోచన, గ్రహణశక్తి, మూడ్, భావోద్వేగాల అదుపు, జ్ఞాపకశక్తి వంటి వాటిలో తీవ్రమైన రుగ్మత ఉండి, దానివల్ల మనిషి వివేచన, ప్రవర్తన దెబ్బతినే అవకాశం ఉన్నప్పుడు, చికిత్సా సంబంధం ద్వారా సైకోథెరపీ పద్ధతితో చేసే వైద్యం మాత్రమే అక్కడ నియంత్రిత చర్య. 2017 డిసెంబరు 30న ఇది అమల్లోకి వచ్చింది. డాక్టర్లు, నర్సులు, సైకాలజిస్టులు, సైకోథెరపిస్టులు, సోషల్ వర్కర్లు, ఆక్యుపేషనల్ థెరపిస్టులు దీన్ని చెయ్యవచ్చు. పరీక్షల భయంతో ఉన్న కుర్రాడికి ధైర్యం చెప్పే లెక్చరరుకు ఈ చట్టంతో పనిలేదు. డిప్రెషన్‌తో ప్రాణం మీదికి తెచ్చుకోబోతున్న మనిషికి చికిత్స చేస్తానన్నవాడికి ఉంది. మూడింటిలో ఇదే మేలైనదనిపిస్తుంది. బిరుదుల మీద కన్నా రోగికి జరగగల హాని మీద ఇది దృష్టి పెట్టింది.

కంచె ఒకసారి పడ్డాక అక్కడే ఉంటుందనుకోవడం కూడా పొరపాటే. మందులు రాయడం సైకాలజిస్టు పని కాదన్నది ప్రపంచమంతటా పాత సూత్రం. అమెరికాలో 2002లో న్యూ మెక్సికో, 2004లో లూసియానా ప్రత్యేక శిక్షణ పొందిన సైకాలజిస్టులు మానసిక రోగాల మందులు రాయవచ్చని చట్టం చేశాయి. తర్వాత మరికొన్ని రాష్ట్రాలు వాటి బాట పట్టాయి. సైకియాట్రిస్టులు తక్కువగా ఉన్న పల్లె ప్రాంతాల అవసరం ఒక కారణం. వైద్య సంఘాలు గట్టిగా వ్యతిరేకించాయి.

మన దేశానికి వస్తే బొమ్మ ఇంకా గజిబిజిగా ఉంటుంది. ఇక్కడ ‘సైకాలజీ ప్రాక్టీసు’ అంటే ఏమిటో చెప్పే ప్రత్యేక చట్టమేదీ లేదు. ఉన్నది మూడు చట్టాల్లో ముక్కలు ముక్కలుగా ఉంది.

మొదటి ముక్క 1992 నాటి భారత పునరావాస మండలి చట్టం. దివ్యాంగుల పునరావాసం కోసం వచ్చిన చట్టం ఇది. ఆర్‌సీఐ అనే మండలి పదహారు రకాల నిపుణులను నమోదు చేసుకుంటుంది. క్లినికల్ సైకాలజిస్టులు అందులో ఒక రకం. వినికిడి నిపుణులు, కృత్రిమ అవయవాలు అమర్చేవారు, ప్రత్యేక విద్య టీచర్లతో పాటు అదే జాబితాలో ఉంటారు. కేంద్ర పునరావాస రిజిస్టరులో పేరు లేకుండా ప్రాక్టీసు చేసినా, చట్టపరమైన సర్టిఫికెట్ల మీద సంతకం పెట్టినా సెక్షన్ 13 కింద నేరం. ఏడాది దాకా జైలు, లేదా వెయ్యి రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. హైదరాబాద్‌లో ఒక కౌన్సెలింగ్ సెషన్‌కు అంతకన్నా ఎక్కువ ఫీజు తీసుకునేవారున్నారు.

ఆ సంతకం విలువ తెలుగు రాష్ట్రాల్లో పింఛను కోసం సదరం (వైకల్య నిర్ధారణ) శిబిరాల్లో వరసలో నిలబడ్డ కుటుంబాలకు తెలుసు. బుద్ధిమాంద్యం ఎంత శాతమో తేల్చే ఐక్యూ పరీక్ష ఫలితం మీద సర్టిఫికెట్టు ఆధారపడుతుంది. సర్టిఫికెట్టు మీద పింఛను, రిజర్వేషన్, బస్ పాసు రాయితీ ఆధారపడతాయి. ఇక్కడ సైకాలజిస్టు నిర్వచనం నేరుగా ఒక ఇంటి నెలసరి ఆదాయాన్ని తాకుతుంది.

రెండో ముక్క 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2018 మే 29 నుంచి అమల్లో ఉంది. క్లినికల్ సైకాలజిస్టు అంటే ఎవరో ఇది స్పష్టంగా చెప్పింది. ఆర్‌సీఐ గుర్తించిన సంస్థ నుంచి క్లినికల్ సైకాలజీలో గుర్తింపు పొందిన అర్హత ఉండాలి. లేదా సైకాలజీలో పీజీ తర్వాత పర్యవేక్షణలో రోగులను చూసిన శిక్షణతో కూడిన రెండేళ్ల పూర్తికాలపు ఎంఫిల్ చేసి ఉండాలి. రాష్ట్ర మానసిక ఆరోగ్య ప్రాధికార సంస్థ దగ్గర వీరు నమోదు కావాలి. ఏ నిపుణుడైనా తన వృత్తి అనుమతించని మందు గానీ చికిత్స గానీ సూచించకూడదని సెక్షన్ 106 అంటుంది. చెయ్యాల్సిన పని ఏమిటన్నది మాత్రం ఈ చట్టం కూడా విడమరచి చెప్పలేదు. మనిషి చదువును నిర్వచించి ఊరుకుంది.

మరి ఎంఏ సైకాలజీ చదివి కౌన్సెలింగ్ చేసేవారు? డిప్లొమాతో ‘స్టూడెంట్ కౌన్సెలర్’ అని ఫ్లెక్సీ కట్టినవారు? వారి కోసం 2021లో మూడో ముక్క వచ్చింది, జాతీయ అనుబంధ ఆరోగ్య వృత్తుల కమిషన్ చట్టం. ‘బిహేవియరల్ హెల్త్ సైన్సెస్’ వర్గంలో సైకాలజిస్టులను, కౌన్సెలర్లను, సోషల్ వర్కర్లను చేర్చారు. ఆర్‌సీఐ పరిధిలోని క్లినికల్ సైకాలజిస్టులను మినహాయించారు. ఆర్‌సీఐ సామాజిక న్యాయ శాఖ కింద ఉంటే, ఈ కమిషన్ ఆరోగ్య శాఖ కింద ఉంది. పక్కపక్క గదుల్లో కూర్చుని ఒకేలాంటి పని చేసే ఇద్దరు వేర్వేరు శాఖల, వేర్వేరు చట్టాల కిందికి వస్తారు. ఆ చట్టం ప్రభావం చదువుల మీద అప్పుడే కనిపిస్తోంది. దాని పరిధిలోని సైకాలజీ వంటి కోర్సులను 2025 జులై-ఆగస్టు విద్యా సంవత్సరం నుంచి దూరవిద్యలో, ఆన్‌లైన్‌లో నడపకూడదని యూజీసీ ఆదేశించింది. ఉద్యోగం చేసుకుంటూ ఇంటి నుంచి ఎంఏ సైకాలజీ చదివే దారి కొత్తవారికి మూసుకుపోయినట్టే.

ఈ గజిబిజి కాగితాల మీద ఆగిపోయేదైతే పట్టించుకోనక్కర్లేదు. 2023 జులైలో విశాఖపట్నంలో నీట్ కోచింగ్ తీసుకుంటున్న పదిహేడేళ్ల అమ్మాయి చనిపోయింది. ఆమె తండ్రి న్యాయం కోసం సుప్రీంకోర్టు దాకా వెళ్లారు. 2025 జులై 25న కోర్టు దర్యాప్తును సీబీఐకి అప్పగిస్తూ దేశమంతటా విద్యా సంస్థలకు పదిహేను మార్గదర్శకాలు జారీ చేసింది. వందమంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి సంస్థా పిల్లల, కౌమారుల మానసిక ఆరోగ్యంలో శిక్షణ పొందిన కౌన్సెలర్‌నో, సైకాలజిస్టునో, సోషల్ వర్కర్‌నో కనీసం ఒకరిని నియమించాలని అందులో ఒకటి. ‘అర్హత గల’ అని కోర్టు అంది. ఏ అర్హత అన్నది ఎవరు చెప్పాలి? విజయవాడ, హైదరాబాద్ కార్పొరేట్ కాలేజీల హాస్టళ్లలో వేలమంది పిల్లలుంటారు. అక్కడ వార్డెనుకే నాలుగు రోజుల శిక్షణ ఇచ్చి కౌన్సెలర్ కుర్చీలో కూర్చోబెడితే తప్పు పట్టడానికి చట్టంలో స్పష్టమైన గీత కావాలి. ఇప్పుడు ఆ గీత మసకగా ఉంది.

ఈలోగా ప్రశ్న మనుషులను దాటి పోయింది. రాత్రి రెండు గంటలకు నిద్రపట్టని కుర్రాడు ఫోన్లో చాట్‌బాట్‌కు తన బాధ చెప్పుకుంటున్నాడు. అది సానుభూతిగా జవాబిస్తుంది, ప్రశ్నలడుగుతుంది, సలహా చెబుతుంది. అది ప్రాక్టీసేనా? 2025 ఆగస్టులో అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రం ఒక చట్టం చేసి, లైసెన్సున్న నిపుణుడు లేకుండా కృత్రిమ మేధ థెరపీ ఇవ్వడాన్ని నిషేధించింది. అపాయింట్‌మెంట్లు, రికార్డుల వంటి ఆఫీసు పనులకు నిపుణులు దాన్ని వాడుకోవచ్చు. రోగితో చికిత్సా సంభాషణ మాత్రం మనిషే చెయ్యాలి. ఉల్లంఘిస్తే 10,000 డాలర్ల దాకా జరిమానా. మతపరమైన సలహాలు, ఒకే కష్టంలో ఉన్నవారు పరస్పరం ఇచ్చుకునే తోడ్పాటు, స్వయంసహాయ పుస్తకాలు ఈ చట్టం పరిధిలోకి రావు. రోజ్‌మండ్ కేసు నేర్పిన పాఠాన్ని శాసనకర్తలు మరిచిపోలేదన్నమాట.

భారతదేశానికి కావలసింది కూడా ఇలాంటి స్పష్టతే. పక్కింటి పెద్దమ్మ ఓదార్పును, పత్రికలో శీర్షికను, గుడిలో పంతులుగారి మాటను చట్టం ముట్టుకోనక్కర్లేదు. డబ్బు తీసుకుని రోగనిర్ధారణ చేసేవారు, సైకాలజీ పరీక్షలు పెట్టి నివేదిక ఇచ్చేవారు, తీవ్రమైన మానసిక రుగ్మతకు చికిత్స చేస్తామనేవారు మాత్రం ఒకే రిజిస్టరులో, ఒకే నియమావళి కింద, ఫిర్యాదు చేస్తే విచారించే ఒకే సంస్థ ముందు ఉండాలి.

అంతదాకా జాగ్రత్త పాఠకుడి చేతిలోనే ఉంది. ‘క్లినికల్ సైకాలజిస్టు’ అని బోర్డు కనిపిస్తే ఆర్‌సీఐ రిజిస్ట్రేషన్ నంబరు అడగండి. దాన్ని ఆర్‌సీఐ వెబ్‌సైట్లో సరిచూసుకోవచ్చు. ఉత్త ‘సైకాలజిస్టు’, ‘కౌన్సెలర్’ అని ఉంటే ఏం చదివారో, ఎవరి పర్యవేక్షణలో శిక్షణ పొందారో అడగడానికి మొహమాటపడకండి. మందులు రాసిస్తే ఎంబీబీఎస్ తర్వాత సైకియాట్రీ చదివారో లేదో చూసుకోండి. పిల్లల కాలేజీలో కౌన్సెలర్ ఉన్నారని చెబితే వారి అర్హత రాతపూర్వకంగా అడగండి. ఎవరిని కలవాలో తోచనప్పుడు కేంద్ర ప్రభుత్వ టెలి-మానస్ హెల్ప్‌లైన్ 14416కు రాత్రీ పగలూ ఎప్పుడైనా ఫోన్ చెయ్యవచ్చు. తెలుగులోనే మాట్లాడతారు, డబ్బు కట్టనక్కర్లేదు.